పత్తి గదిలో నీలం తిరిగిన లాప్‌టాప్

నీలి తెర మొదటిసారి వచ్చినప్పుడు మా చిన్నమ్మ రెండో చరణంలో ఉంది. కళ్లు మూసుకుని పాడుతోంది కాబట్టి ఆమెకు తెలియలేదు. నా ఎదురుగా లాప్‌టాప్‌లో ఆమె గొంతుకు తగ్గట్టు ఎగిరిపడుతున్న పచ్చగీత టక్కున ఆగింది. ఆ వెంటనే తెరంతా నీలం. దాని మీద తెల్లటి ఇంగ్లిష్ అక్షరాలు, కింద వరసగా సున్నాలు. చదివేలోపే ఆరిపోయి, తనంతట తనే మళ్లీ మొదలైంది. పాట పోయింది. రికార్డింగ్ ఆపి సేవ్ చేస్తేనే పాట మిగిలేది. మధ్యలో మిషన్ పడిపోతే అప్పటిదాకా పాడిందంతా గాలికి పోయినట్టే.

చిన్నమ్మ చరణం పూర్తిచేసి కళ్లు తెరిచింది.

"మంచిగొచ్చిందా?"

"రాలే. చచ్చింది."

"ఎవరు?"

"లాప్‌టాప్."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ పాట కోసం పొద్దున్నుంచి కోళ్లను తరిమి, పక్కింటి రేడియో ఆపించి, ఊళ్లో అందరిచేతా తిట్లు తిని ఉన్నాను.

అప్పటికి నా చదువైపోయింది. కాలేజీలో ఉండగానే ఉద్యోగం వచ్చింది కానీ ఎప్పుడు చేరాలో చెప్పే ఫోన్ మాత్రం రావడం లేదు. ఆ ఫోన్ కోసం ఫోన్ పట్టుకునే తింటూ, పట్టుకునే పడుకుంటూ, సికింద్రాబాద్‌లో మా ఇంట్లో కనిపించిన వాళ్ల మీదల్లా అరుస్తుంటే మా అమ్మకు విసుగొచ్చింది. "నా చెల్లెకు నీతోని పని పడ్డది. ఆ డబ్బా పట్టుకొని పో" అని క్రిస్మస్ అయిన వారానికే బస్సెక్కించింది. డబ్బా అంటే లాప్‌టాప్. ఇంజనీరింగ్ మూడో ఏడులో పోరుపెట్టి కొనిపించుకున్నది.

చిన్నమ్మ వాళ్లది బూర్గంపాడు దాటి అడవి వైపు కొంత లోపలికి వెళ్తే వచ్చే ఊరు. ఆమె అక్కడి సబ్‌సెంటర్‌లో నర్సు. వారంలో సగం రోజులు సూదుల డబ్బా భుజానికి తగిలించుకుని అడవి ఊళ్లు తిరుగుతుంది. బాబాయ్ పత్తి పండిస్తాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తేది చిన్నమ్మే. ఆమె మొదటి మాట ఎత్తుకుంటే మిగతా ఆడవాళ్లంతా అందుకుంటారు. పాటల పుస్తకాలు అందరి చేతుల్లోనూ ఉంటాయి. వాటిలో మాటలుంటాయి గానీ రాగాలుండవు. పాత రాగాలు కొన్ని ఆమెకు చిన్నప్పుడు ఒక పాస్టరమ్మ నేర్పింది. ఆ పాస్టరమ్మ పోయింది. ఇప్పుడవి చిన్నమ్మ గొంతులో తప్ప ఇంకెక్కడా లేవు.

ఆ గొంతులోనే గడ్డ వచ్చింది. తీసెయ్యక తప్పదని ఖమ్మంలో డాక్టర్ చెప్పాడు. గొంతు పలికించే నరం ఆ గడ్డకు ఆనుకునే ఉందని, ఆపరేషన్ తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పాడు. అప్పటిదాకా ఎక్కువ మాట్లాడొద్దన్నాడు, పాడటం సంగతి ఇక చెప్పనక్కర్లేదు. అందుకే ఆమె చర్చిలో పాడటం మానేసింది. మిగిలి ఉన్న కాస్త గొంతునూ ఆ పాత పాటలు రికార్డు చేయడానికి దాచుకుంది. ఆమె తర్వాత పాట ఎత్తాల్సింది పక్కింటి అంగన్‌వాడీ అక్క. ఆ అక్కకు ఒక్కసారి వింటే రాదు.

"నాకు పది పదిహేను సార్లు ఇనాలె. మీ చిన్నమ్మతోని గన్నిసార్లు పాడిస్తే ఇంక ఆపరేషన్ ఎందుకు, నేనే చంపినట్టయితది" అంది.

ఇంట్లో టేప్ రికార్డర్ ఉంది, పెట్టిన క్యాసెట్‌నల్లా నములుతుంది. నా ఫోన్‌లోనూ రికార్డర్ ఉంది, నిమిషం కాగానే ఆగిపోతుంది. ఆ నిమిషం వాళ్ల పాటల్లో పల్లవికే సరిపోదు. అందుకే నేనూ, నా లాప్‌టాపూ.

ముందు హాల్లో పెట్టి చూశాను. స్లాబు ఇల్లు, సామాను తక్కువ. ఆమె పాడితే బావిలోంచి పాడినట్టు వినిపించింది. పైగా ఇంటి ముందు రోడ్డు మీద పేపర్ మిల్లుకు కర్ర తీసుకెళ్లే లారీలు. వెనక గది తలుపు తీసి చూస్తే నడుమెత్తు దాకా పత్తి. ధర రావాలని బాబాయ్ ఏరిన పత్తినంతా అందులోనే పోసి పెట్టాడు. ఆ ఊళ్లో చలికాలం ఏ ఇంట్లో చూసినా ఒక గది ఇలాగే ఉంటుంది. మనుషులు వసారాలో పడుకుంటారు, పత్తి గదిలో పడుకుంటుంది. నేను ఆ గుట్ట మీదికెక్కి ఊరికే చప్పట్లు కొట్టి చూశాను. చప్పుడు చేతుల దగ్గరే చచ్చిపోయింది. లారీ వెళ్లినా ఎక్కడో పక్కూళ్లో వెళ్లినట్టుంది. సిటీలో డబ్బులు పోసి గోడలకు స్పాంజి అంటించే స్టూడియో నాకు ఊరికే దొరికింది. ఇంకో లాభం కూడా ఉంది. ఆ గది కిటికీ ఎత్తులో ఉంటుంది, గుట్ట మీద కూర్చుంటే ఫోన్‌కు రెండు గీతల సిగ్నల్ వస్తుంది. ఇంట్లో ఇంకెక్కడా రాదు.

టేబుల్ మీద పెడితే ప్రతి చిన్న కదలికకూ కిర్రుమంటోందని, లాప్‌టాప్‌ను పత్తిలోనే మెత్తగా గుంట చేసి కూర్చోబెట్టాను. హెడ్‌ఫోన్ మైకు చిన్నమ్మ చేతికిచ్చాను. మొదటి పాట అద్భుతంగా వచ్చింది. ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. రెండో పాటలో నీలి తెర వచ్చింది.

మళ్లీ పాడించాను. పూర్తయింది. మూడో పాట చివర్లో మళ్లీ నీలం. ఈసారి తయారుగా ఉన్నాను, ఆరిపోయేలోపు ఫోన్‌తో ఫోటో తీశాను. ఆ రోజుల్లో ఫోన్ కెమెరా సంగతి తెలిసిందే. నీలి మసకలో తెల్ల చీమలు పాకినట్టు వచ్చింది. కిటికీకి ఆనుకుని హైదరాబాద్‌లో ఉన్న నా క్లాస్‌మేట్‌కు ఫోన్ చేశాను. కాలేజీలో అందరి కంప్యూటర్లూ బాగుచేసేవాడు వాడే.

"కోడ్ చదువు" అన్నాడు.

"కనిపిస్తే చదవనా?"

"నీలి తెర రాగానే రీస్టార్ట్ కాకుండా సెట్టింగ్ మార్చు. ఈ మధ్య కొత్తగా ఏమేం ఎక్కించినవ్?"

"రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే."

"పెన్‌డ్రైవ్ పెట్టినవా?"

"లేదు."

"వేడెక్కుతుందా?"

"ఈడ చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నయ్. నువ్వు మైండ్ పెట్టి అడుగు."

"ఫ్యాన్ చప్పుడు ఎట్లుంది?"

"చప్పుడే లేదు. మస్తు సైలెంట్. రికార్డింగ్‌లో ఫ్యాన్ సౌండే పడతలేదు."

"అయితే ఫ్యాన్ బాగానే ఉంది" అన్నాడు ఆ మహానుభావుడు. సౌండ్ డ్రైవర్ తీసేసి మళ్లీ వెయ్యమన్నాడు. వేశాను. సగం పాటకు మళ్లీ నీలం. ఈసారి తెర నిలబడింది, సున్నాలన్నీ ఫోన్లో చదివాను. ఇంతకుముందు వచ్చిన కోడ్ కాదిది. ప్రతిసారీ ఒకే కోడ్ వస్తే ఒక దారి దొరికేది. అది రోజుకో సాకు చెప్పే బడి పిల్లాడిలా ఉంది.

తర్వాత నా అనుమానం కరెంటు మీదికి వెళ్లింది. పొలం మోటారు వేసినప్పుడల్లా ఇంట్లో బల్బు గుడ్డిదవుతోంది. భోజనం దగ్గర బాబాయ్‌తో అదే అన్నాను.

"మీ మోటార్ల వల్లనే నా లాప్‌టాప్ పాడైతుంది బాబాయ్. వోల్టేజ్ లేదు."

"నా మోటారు పన్నెండేండ్ల సంది నడుస్తుంది. నీ పెట్టె వచ్చి నాలుగొద్దులే అయింది. ఎవల్ల ఎవలు పాడైతున్నరో తెల్వదు."

"స్టెబిలైజర్ కొనరాదు?"

"దానికా? ఎందుకు, పాలిస్తదా?"

చిన్నమ్మ పెరుగు వడ్డిస్తూ మాట్లాడకుండా నవ్వింది. మాట్లాడకుండా నవ్వడం అప్పటికే అలవాటు చేసుకుంది.

ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద పెట్టి చూశాను. మళ్లీ నీలం. ఈసారి మౌస్ తీసి గోడకు కొట్టాను. అది పత్తిలో పడి, చిన్న చప్పుడైనా చేయకుండా మునిగిపోయింది. ఆ గదిలో కోపం కూడా వినపడదు. మౌస్ వెతకడానికి అరగంట పట్టింది.

చిన్నమ్మ మాత్రం ఆ యంత్రాన్ని తన దవాఖానా లెక్కలోకి తీసుకుంది. నేను తల పట్టుకుంటే వచ్చి చూసి, "మళ్ల నీలం తిరిగిందా?" అనేది.

"అవ్."

"పుట్టిన పిల్ల గట్ల నీలం తిరిగితే వీపు రుద్దుతం, అరికాళ్ల మీద చరుస్తం. ఏడిస్తె బతికినట్టు."

"ఇది ఏడుస్తలేదు, నన్ను ఏడిపిస్తుంది."

అంగన్‌వాడీ అక్క గుమ్మంలో నిలబడి అన్నీ వినేది. "ఆదివారం ప్రార్థన మనవులల్ల దీని పేరు గూడ చెప్పాల్నా?" అని అడిగింది ఒకసారి, ఏమాత్రం నవ్వకుండా.

బాబాయ్ బండి మీద భద్రాచలం వెళ్లాం. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, గోదావరి వంతెన మీద చలిగాలికి ముక్కు కారుతుంటే తుడుచుకుంటూ. రిపేరు షాపు అతను దాన్ని గాజు బల్ల మీద పెట్టి ఆన్ చేశాడు. నడిచింది. పాట పెట్టాడు, నడిచింది. సినిమా పెట్టాడు, నడిచింది. మధ్యాహ్నం దాకా నేను దాని ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను, ఒక్కసారి నీలం తిరుగు అని మనసులో బతిమాలుతూ. దవాఖానా మెట్లెక్కగానే జ్వరం తగ్గిపోయే రకం అది.

"మంచిగనే ఉన్నది గద మేడమ్."

"ఇంటి కాడ నడుస్తలేదు."

"అయితే మీ ఇంటి కాడ ఏమో ఉన్నది" అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే అంతకంటే సరైన మాట ఇంకోటి లేదు. అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది. నేను లేచి నిలబడేసరికి ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాడేమో, కింద మూత విప్పి, మెమరీ పట్టీ తీసి, దాని బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాడు. "ఇంక రాదు" అన్నాడు.

మర్నాడు మొదటి చరణానికే వచ్చింది.

రెండోసారి వెళ్లేసరికి నాకు ఓపిక లేదు. ఏదైనా చేసి బాగుచెయ్యమని లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, ఉద్యోగం ఫోనేమైనా వస్తుందేమోనని సిగ్నల్ కోసం బయటికెళ్లాను. వంతెన దాకా నడిచి, అమ్మతో గొడవపడి, తిరిగొచ్చాను. తెర కొత్తగా మెరుస్తోంది. పచ్చిక మైదానం బొమ్మ, ఒక్క ఫోల్డరూ లేదు.

"నా పాటలేవి?"

"ఫార్మాట్ కొట్టిన మేడమ్. వైరస్ ఉంటే గూడ పోతది."

"నా పాటలేవి?"

"డెస్క్‌టాప్ మీద ఉన్నయా? అవి పోతయ్ గద. కాపీ తీస్కోలేదా?"

ఆ షాపులో నేను ఏమేం అన్నానో రాయను. పక్క మిఠాయి కొట్టు నుంచి కూడా జనం వచ్చి చూశారు. బాబాయ్ నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి బండి మీద కూర్చోబెట్టాడు. వంతెన సగం దాటాక, వెనక్కి తిరగకుండా అన్నాడు:

"ఎన్ని పోయినయ్?"

"అన్నీ."



చిన్నమ్మకు నేనే చెప్పాలి. వాకిట్లో సూదుల డబ్బా కడుగుతోంది. చెప్పాను. తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుని, గొంతు కింద ఆ గడ్డ మీద రెండు వేళ్లు పెట్టుకుంది, అది ఎంత ఇస్తుందో లెక్క చూసుకుంటున్నట్టు. అప్పటికే పాడాక సాయంత్రాలు మాట బొంగురుపోతోంది. ఒక్కో నీలి తెరకు సగం పాట లెక్కన ఆమె గొంతు ఎంత ఖర్చు పెట్టానో నాకు తెలుసు.

"మళ్ల పాడుత" అంది. "కానీ ఈసారి మొత్తం పాడలేను బిడ్డా. పుస్తకంల ఉన్నయన్నీ వద్దు. ఎవలకీ రానియి ఐదారు చాలు. కోత పండుగ పాట మాత్రం పోవద్దు."

కోత పండుగకు చర్చిలో అందరూ తమ పంటలో కొంత తెచ్చి పెడతారు. వడ్లు, మిరపకాయలు, గుమ్మడికాయ, కోడి, పత్తి గంప. అవి తెస్తున్నంతసేపూ ఒకే పాట సాగుతుంది. వచ్చేవాళ్లు అయిపోయేదాకా పాట అయిపోకూడదు. ఆ రాగం పాస్టరమ్మ ఒక్క చిన్నమ్మకే పూర్తిగా నేర్పింది.

ఆ రెండు రోజులు ఆమె చేత పాడించడానికి నాకు ధైర్యం లేకపోయింది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి, లాప్‌టాప్‌ను ఒంటరిగా పరీక్షించాను. చలి వేస్తుంటే శాలువా కప్పుకుని, పత్తి గుట్ట మీద కూర్చుని, దానికి పని మీద పని పెట్టాను. కీబోర్డు వెచ్చగా ఉండేది. మధ్యమధ్యలో చేతులు దాని మీదే కాచుకున్నాను. క్లాస్‌మేట్ ఫోన్లో చెప్పినవన్నీ చేశాను. మెమరీ పరీక్ష పెట్టాను, అది కూడా మధ్యలోనే పడిపోయింది. "మదర్‌బోర్డు పోయినట్టుంది, ఇంక దాన్ని మర్చిపో" అన్నాడు చివరికి. ఆపరేషన్‌కు ఇంకో నాలుగు రోజులే ఉన్నాయి. అంతకుముందే పత్తి లారీ వస్తుందని బాబాయ్ చెప్పాడు. ధర వచ్చింది, లారీ మాట్లాడేశాడు. వెనక్కి చెప్పడం కుదరదు. అంటే ఆ గది కూడా పోతుంది.

అప్పుడు బాబాయ్ గదిలోకి వచ్చాడు, పత్తి చూడటానికి. పత్తి పోసిన ప్రతి రైతూ చేసే పనే. చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, గుట్టలోకి చెయ్యి దూర్చి, లోపల వేడి చూస్తాడు. మంచుకు తడిసిన పత్తి కలిసిందంటే గుట్ట లోపల్లోపలే వేడెక్కుతుంది. వేడెక్కితే పసుపు తిరుగుతుంది. పసుపు తిరిగితే వ్యాపారి మొహం చిట్లిస్తాడు. బాబాయ్ ఆ మూల, ఈ మూల చూసి నా పక్కన చెయ్యి పెట్టి ఆగిపోయాడు. తీసి మళ్లీ పెట్టాడు.

"ఈడ కాలుతాంది."

"ఏంది?"

"పత్తి. లోపల కాలుతాంది. తడి పత్తి ఎవలు పోసిన్రు ఈడ?" చెయ్యి ఇటు జరిపాడు, అటు జరిపాడు. చివరికి అది నా లాప్‌టాప్ కిందికి వచ్చింది. "లే. లే ముందు. నీ పెట్టె కింద పొయ్యి గిట్ల పెట్టినవా? నా పత్తి పసుపు చేస్తవా? లారీ వచ్చే టైముకు?"

"లాప్‌టాప్ గట్లనే ఉంటది బాబాయ్, కొంచెం వేడి..."

"కొంచెమా? చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. వెంటనే తీసేశాను. అడుగున ఇస్త్రీ పెట్టెలా ఉంది. బాబాయ్ ఇంకా పత్తి గురించి అరుస్తూనే ఉన్నాడు, దోసిళ్లతో అక్కడి పత్తి తీసి పక్కకు ఆరబోస్తున్నాడు, నన్నూ మా అమ్మనూ కలిపి తిడుతున్నాడు. నాకు అవేమీ వినిపించలేదు. గాజు బల్ల మీద నడిచింది. చలిగాలిలో బండి మీద వెళ్లొచ్చాక నడిచింది. పత్తిలో గుంట చేసి పెట్టిన ప్రతిసారీ పడిపోయింది. అందులోనూ పాట పాటకూ ఇంకా ముందుగా పడిపోయింది. ఫ్యాన్ చప్పుడు లేదని నేను మురిసిపోయాను కూడా.

చిన్నమ్మ కుట్టుమిషన్ సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చి, వసారాలో చాప మీద లాప్‌టాప్‌ను బోర్లించాను. షాపు అతను విప్పింది మెమరీ దగ్గరి చిన్న మూత. ఫ్యాన్ మూత వేరే ఉంది. అది తీస్తే ఫ్యాన్‌కూ, వేడి బయటికి పోయే రాగి రేకులకూ మధ్య ఒక బూడిద రంగు పొర. చింపిరిగా కాదు, నేసినట్టుంది. గోరుతో అంచు లేపి లాగితే ముక్కలు కాకుండా మొత్తం ఒక్కటిగా ఊడి వచ్చింది. ఫ్యాన్ రెక్కల చుట్టూ కూడా వడికిన దారంలా చుట్టుకుంది. గదిలోని నూగునంతా లాక్కుని, లోపలే తనకు తాను దుప్పటి నేసుకుని, చలికాలంలో కప్పుకుని కూర్చుంది నా లాప్‌టాప్.

చిన్నమ్మ వంగి, నా చేతిలోని పొరను తీసుకుని వెలుగులో పట్టి చూసింది.

"మాయ పడ్డది" అంది. బిడ్డ పుట్టాక మంత్రసానులు, నర్సులు చూసేది అదే. "ఇంక బతుకుతది."

బతికింది. చాప మీద పెట్టి సాయంత్రం దాకా నడిపితే ఒక్కసారి కూడా నీలం తిరగలేదు. ఫ్యాన్ మాత్రం పిండి మరలా మోగింది. అంటే ఇప్పుడు గదిలో పెడితే ఫ్యాన్ వినిపిస్తుంది, గది బయట పెడితే మైకు వైరు అందదు. హెడ్‌ఫోన్ నుంచి మైకును వేరుచేసి, దాని వైరుకు చర్చి మైకుసెట్ తాలూకు పాత వైరు ముక్క అతికించి, బాబాయ్ మోటారుకు చుట్టే నల్ల టేపు చుట్టాను. లాప్‌టాప్ వసారాలో రెండు ఇటుకల మీద. వైరు కిటికీ గుండా పత్తి గదిలోకి. చిన్నమ్మ లోపల, తలుపు మూసి. ఆమె పాడుతుంటే నాకు కనిపించదు. హెడ్‌ఫోన్‌లో మాత్రం చెవి పక్కనే కూర్చున్నట్టుంటుంది.

ఫోన్ దగ్గరుంటే రింగయ్యే ముందు రికార్డింగ్‌లో గరగరమంటోంది. దూరంగా పెట్టాలి. బాబాయ్ చేతికిచ్చి, ఒక గీతైనా సిగ్నల్ దొరికే గేటు దగ్గర నిలబెట్టాను.

"కంపెనీ నుంచి వస్తే జల్దీ పిలువు."

"నేనే చేరిపోత. కుర్చీల కూసునుడే గద."

రోజుకు రెండు పాటల చొప్పున నడిచింది. అంతకంటే ఎక్కువ ఆమె గొంతు ఇవ్వలేదు. ప్రతి పాటా కాగానే సీడీలోకి ఎక్కించాను. ఒక్క దాంట్లో కాదు, రెండింట్లో. కోత పండుగ పాట అన్నిటికంటే పొడవైందని ఆఖరికి ఉంచాం. ఆ పొద్దున తొందరగా వస్తానన్న పత్తి లారీ ఎప్పటిలా ఆలస్యమవుతుందనుకున్నాం. మొదటిసారి చెప్పిన టైముకు వచ్చింది.

వచ్చేసరికి చిన్నమ్మ పాట సగంలో ఉంది. హమాలీలు గోనె తాట్లు పట్టుకుని దిగారు. బాబాయ్ నా ఫోన్ చేత్తో పట్టుకునే వాళ్లకు అడ్డం వెళ్లాడు.

"ఇంజన్ బంద్ చెయ్యి. అందరు గీడనే కూసోండి."

"ఏందయ్యా, ఎవరన్న పోయిన్రా?" అన్నాడు డ్రైవర్.

"మా ఆమె పాడుతాంది."

డ్రైవర్ బాబాయ్‌ని ఒక రకంగా చూసి ఇంజన్ ఆపాడు. హెడ్‌ఫోన్‌లో చిన్నమ్మ మూడో చరణం ఎత్తుకుంది. చరణం మధ్యలో రాగం ఒక్కసారిగా పైకి వెళ్లే చోట ఒకటుంది. అక్కడికి రాబోతూ ఆగింది. తెర వైపు చూశాను, నీలం కాలేదు. పచ్చగీత నడుస్తూనే ఉంది, చదునుగా. లోపల చిన్నగా దగ్గు, కొంగు అడ్డం పెట్టుకున్నట్టు. పత్తి నూగు గొంతులోకి పోయింది. ఒక్క ఊపిరి. తర్వాత పైమెట్టు అందుకుంది, ఎక్కడా చెదరలేదు. చివరిదాకా పాడింది.

తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి కళ్లలో నీళ్లు, జుట్టంతా నూగు. మాట గుసగుసగా వచ్చింది.

"ఆడ ఆగినా."

"తెలుసు. ఇంకొక్కసారి ఆ చరణం ఒక్కటి పాడు చిన్నమ్మా. నేను కట్ చేసి అతికిస్త."

ఆమె తల అడ్డంగా ఊపింది. గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. వెనక హమాలీలు అప్పటికే గదిలోకి దిగి పత్తిని తొక్కుతూ తాట్లలోకి కూరుతున్నారు. సాయంత్రానికి గది ఖాళీ అయింది. నేను లోపలికెళ్లి చప్పట్లు కొట్టి చూశాను. బావిలా మోగింది.

ఆపరేషన్ బాగా జరిగింది. మాట పోలేదు. కానీ తిరిగొచ్చిన గొంతు వేరు, మగవాళ్ల గొంతుకు దగ్గరగా, కింది స్థాయిలో. సబ్‌సెంటర్‌లో కొత్తగా వచ్చిన తల్లులు ఆమె పిలిస్తే మొదట వెనక్కి తిరిగి ఇంకెవరో అనుకుంటారట. పైమెట్టు ఇక రాదని ఆమెకు తెలిసిపోయింది. దాని గురించి మాట్లాడదు. అంగన్‌వాడీ అక్క ఇంట్లో సీడీ మోగింది, పది పదిహేను సార్లు కాదు, వేసవి అంతా.

తర్వాతి కోత పండుగకు వెళ్లాను. అప్పటికి నా ఉద్యోగం ఫోన్ వచ్చి, చేరి, సెలవు కోసం మేనేజర్‌తో పోట్లాడే దశకు వచ్చాను. చర్చి నిండా జనం. బాబాయ్ పత్తి గంప నెత్తిన పెట్టుకుని వరసలో ఉన్నాడు. అంగన్‌వాడీ అక్క పాట ఎత్తింది. రాగం తప్పలేదు, ఒక్క మలుపు కూడా. నాకు ఊపిరి తేలికైంది. ఇన్ని తిప్పలూ పడింది ఇందుకే అనుకున్నాను. మూడో చరణం వచ్చింది. పైమెట్టు ముందు ఆడవాళ్లందరూ ఒక్కసారిగా ఆగారు. సరిగ్గా ఒక దగ్గు పట్టేంతసేపు. మళ్లీ అందరూ ఒక్కటిగా అందుకున్నారు.

మూడో వరసలో కూర్చున్న చిన్నమ్మ కూడా, తన కొత్త కింది గొంతుతో, అక్కడే ఆగింది.

బయటికి రాగానే అక్కను పట్టుకున్నాను.

"అక్కా, ఆడ గ్యాప్ లేదు. చిన్నమ్మకు దగ్గొచ్చి ఆగింది గంతే."

"సీడీల ఉన్నది గద."

"సీడీల ఉన్నది తప్పు."

"మీ చిన్నమ్మ తప్పు పాడుతదా?" అంది, నేనేదో కూడని మాట అన్నట్టు చూసి.

నేను చిన్నమ్మ వైపు తిరిగాను. నువ్వన్నా చెప్పు అన్నట్టు. ఆమె గుమ్మడికాయలు సర్దుతోంది.

"ఆ జాగల జరంత ఊపిరి తీస్కుంటే పైకి ఎక్కుడు అల్కగ ఉంది వాళ్లకు. ఉండనీ" అంది.

నాకు ఉండనివ్వడం చేతకాదు. హైదరాబాద్ వెళ్లాక కూర్చుని, ఆ దగ్గును కత్తిరించి, రెండు ముక్కలనూ అతుకు తెలియకుండా కలిపి, కొత్త సీడీ చేసి కొరియర్‌లో పంపాను. లాప్‌టాప్ ఒక్కసారి కూడా నీలం తిరగలేదు. అందిందా అని ఫోన్ చేస్తే అందిందన్నారు, చాలా బాగుందన్నారు.

మళ్లీ వెళ్లినప్పుడు చూశాను. నేను పంపిన సీడీ బాబాయ్ జొన్నచేలో నిలువెత్తు కర్రకు దారంతో కట్టి ఉంది, గాలికి తిరుగుతూ, పిట్టల్ని బెదిరిస్తూ. చర్చిలో ఇంకా అక్కడే ఆగుతున్నారు.